టీవీల్లో "పచ్చదనం" ప్రచారాలు: మన ఇంట్లో, మన బోరు కాడ మిగిలేది ఎంత?

మూసీ ఆయకట్టు (నల్లగొండ) | జూన్ 5, సాయంత్రం 6:10

ఇయ్యాల ప్రపంచ పర్యావరణ దినం, పొద్దుగాల్నుంచి ఏ చానెల్ పెట్టినా ఒకటే మాట. ఫోన్ చార్జర్ పీకెయ్యండి, పళ్లు తోముకునేటప్పుడు నల్లా బంద్ చెయ్యండి, రాత్రి ఒక గంట లైట్లు ఆర్పండి, ఒక మొక్క నాటి ఫొటో పంపండి. మాటలు చెడ్డవి కావు. కాని ఒక్కదాని పక్కన కూడా అంకె ఉండదు. ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్లు అని చెప్పకుంటే ఏది పెద్ద పనో ఏది చిన్న పనో చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తది?

చార్జర్ సంగతే చూద్దాం. ఫోన్ తగిలించకుండ ప్లగ్గులో ఉన్న ఇప్పటి చార్జర్ గుంజేది 0.1 నుంచి 0.3 వాట్లు. 0.2 అనుకుంటే ఏడాది మొత్తానికి 1.75 యూనిట్లు. బోరు మీది 5 హెచ్‌పీ మోటరు నిండు లోడు మీద గంటకు 4.6, 4.7 యూనిట్లు తింటది. అంటే ఏడాది పొడుగునా యాది పెట్టుకొని చార్జర్ పీకితే మిగిలేదంతా, ఆ మోటరును ఏదో ఒక్క రోజు 23 నిమిషాలు ముందుగాల బంద్ చేస్తే మిగులుతది. మడి నిండి, ఒడ్డు మీంచి పొంగి పక్క చేన్ల పడే నీళ్ల కోసం మోటర్లు ఎన్ని గంటలు నడుస్తున్నయో ఈ జిల్లాల అందరికీ తెలుసు. ఆ మాట టీవీల ఎందుకు రాదు?

నాకు అనిపించేది ఇది. చిన్న పని అడిగితే చూసేటోళ్లకు చేసినమన్న తృప్తి, చూపించేటోళ్లకు చెప్పినమన్న తృప్తి. పెద్ద పని అడగాలంటే ఊరు తెలవాలె, పంట తెలవాలె, నేల తెలవాలె. తెలిసినోళ్లు అంకెలతోటి రాయండి.


కరెంటు లెక్క (మిర్యాలగూడ) | జూన్ 5, సాయంత్రం 6:55

లెక్క సరిగ్గనే ఉన్నది అన్నా. ఇంకో వస్తువు కలుపుత. ప్రచారం చూపించే ఆ టీవీ కిందనే సెట్‌టాప్ బాక్స్ ఉంటది. రిమోట్‌తోటి ఆపితే టీవీ అర వాటుకు దిగుతది, బాక్స్ దిగదు. చాలా బాక్సులు నడిచేటప్పుడు 8 నుంచి 12 వాట్లు తీసుకుంటయి, స్టాండ్‌బైల పెట్టినా దాదాపు అంతే. ముందర దీపం రంగు మారుతది, లోపల పని ఆగదు. అర్ధరాత్రి చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగ తగులుతది. 10 వాట్ల చొప్పున రోజుకు 19 గంటలు ఊరికె కాలితే నెలకు 5.7 యూనిట్లు. మూడేండ్ల చార్జర్ లెక్క ఒక్క నెలల దాటిపోయింది. గోడ స్విచ్ బంద్ చేస్తే చాలు. మళ్ల వేసినప్పుడు చానెల్ రావడానికి నిమిషం, నిమిషంన్నర పడ్తది, అంతకు మించి నష్టం లేదు.

ఇంట్ల అసలు పెద్దది ఫ్యాను. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటరున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు మిగులుతయి. ఒక్క జాగ్రత్త. బీఎల్‌డీసీ పెట్టేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్‌ను వైరింగుల నుంచి తీసెయ్యాలె, ఫేజు నేరుగ ఫ్యానుకు పోవాలె. స్పీడు రిమోటే చూసుకుంటది. రెగ్యులేటర్ అట్లనే వదిలేస్తే ముందు గుయ్యిమని మోత వస్తది, తర్వాత లోపలి బోర్డు పోతది. బోర్డు పోయిన ఫ్యాన్లు కొన్ని ఈ తప్పుతోటే పోతయి, పేరు మాత్రం ఫ్యానుకు వస్తది.

ఈ 20 యూనిట్లు మన దగ్గర ఎందుకు బరువైనయంటే, రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపలుంటే బిల్లు సున్న. 201 అయితే మొత్తం బిల్లు కట్టాలె, వెయ్యి రూపాయల పైనే. ఏప్రిల్, మే నెలలల్ల 210, 215 దగ్గర ఆగే ఇండ్లకు ఒక్క ఫ్యాను మారిస్తే గీత ఇవతల పడ్తరు. టీవీల "భూమిని కాపాడండి" అనే బదులు ఈ ఒక్క ముక్క చెప్పినా జనం వింటరు.


గడియారం సెంటర్ (నల్లగొండ) | జూన్ 5, రాత్రి 8:20

ఈ ప్రచారాలు ఇన్ని ఎందుకు వస్తాయో కూడా తెలుసుకుంటే మంచిది. 1991 నవంబరు 22న పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. సినిమా హాళ్లు ప్రతి ఆటకు కనీసం రెండు పర్యావరణ స్లైడ్లు ఉచితంగా వేయాలి. దూరదర్శన్, ఆకాశవాణి రోజూ ఐదు నుంచి ఏడు నిమిషాలు దీనికి ఇవ్వాలి, వారానికొకసారి పెద్ద కార్యక్రమం చేయాలి.

ప్రైవేటు చానెళ్ల సంగతి తర్వాత వచ్చింది. 2022లో కేంద్రం ఇచ్చిన ఉపగ్రహ ప్రసార (అప్‌లింకింగ్) మార్గదర్శకాల ప్రకారం, 2023 మార్చి 1 నుంచి చానెళ్లు రోజుకు 30 నిమిషాలు ప్రజాప్రయోజన విషయాలు వేయాలి. ఎనిమిది అంశాలిచ్చారు, వాటిలో పర్యావరణం ఒకటి. అరగంటా ఒక్కసారే వేయనక్కర్లేదు, ముక్కలు చేసుకోవచ్చు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా వేసింది మాత్రం లెక్కలోకి రాదు. ఇక్కడే చిక్కుంది. లెక్క నిమిషాలదే. చూసినవాళ్లు ఏం చేశారు, ఎంత మిగిలింది అని అడిగేవారు లేరు. నల్లా కట్టేసే ముప్ఫై సెకన్ల బొమ్మకైనా, వరి మడి మీద పది నిమిషాల మంచి కార్యక్రమానికైనా నిమిషానికి విలువ ఒకటే. అలాంటప్పుడు తక్కువ శ్రమతో అయ్యేదే తయారవుతుంది.

మిషన్ లైఫ్ (పర్యావరణానికి తగ్గ జీవన విధానం) కింద కేంద్రం ప్రకటించిన 75 పనుల జాబితా చదవండి. 2022 అక్టోబరు 20న కేవడియాలో మొదలైన కార్యక్రమం అది. అందులో తక్కువ నీటి పంటలున్నాయి, నేరుగా విత్తే వరి ఉంది, తడి–పొడి పద్ధతి (మడిని కొంత ఆరనిచ్చి మళ్లీ నీళ్లు పెట్టడం) ఉంది. టీవీకి వచ్చేసరికి స్టూడియోలో తీయగలిగినవే మిగులుతాయి: నల్లా, స్విచ్, గుడ్డ సంచి. జాబితా రాసినవాళ్లకు పొలం గుర్తుంది, కెమెరా పట్టినవాళ్లకు దూరమైంది.


దేవరకొండ అక్క | జూన్ 5, రాత్రి 9:05

అందరూ ఒక్కవైపే మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకోవైపు చెప్తాను. ప్రచారం పనిచేసిన సందర్భాలున్నాయి. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మీద టీవీల్లో, ఫోన్లలో ఎంత చర్చ నడిచిందో అమ్రాబాద్ వైపు వాళ్లను అడగండి. ఆ సెప్టెంబరు 16న యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా శాసనసభ తీర్మానం చేసింది. టీవీ లేకుంటే అది అడవి అంచు ఊళ్ల గొడవగానే మిగిలిపోయేది.

ఎల్‌ఈడీ బల్బులూ అంతే. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెట్టమని ఊరూరా చెప్పారు. రోజుకు ఐదు గంటలు వెలిగితే ఒక్క బల్బుకు నెలకు ఏడున్నర యూనిట్లు తగ్గింది. ఇవాళ పల్లెల్లో పాత బల్బు వెతికినా కనబడదు. పిల్లలు టీవీ చూసి ఇంట్లో పెద్దవాళ్లను సరిదిద్దుతారు, ఆ బలాన్ని తక్కువ చేయకండి.


మూసీ ఆయకట్టు | జూన్ 5, రాత్రి 9:30

అక్కా, మీరు చెప్పిన రెండూ నిజమే, ఆ రెంటిల ఉన్న తేడా కూడ చూడండి. నల్లమల మాటల ఫలానా అడవి, ఫలానా అనుమతి, ఎవరిని ఆపమని అడగాల్నో అన్నీ తేటగ ఉన్నయి. ఎల్‌ఈడీల ప్రచారం కన్న ముందు ధర దిగింది. 2015 జనవరి 5న ఎల్‌ఈడీ బల్బుల పథకం ఉజాలా మొదలైంది. ప్రభుత్వ సంస్థ కోట్ల బల్బులు ఒక్కసారే కొనేసరికి 2014ల 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016కు 38కి వచ్చింది. ఆ ధరకు టీవీ మాట తోడైంది. ధర 310 దగ్గరనే ఉంటే ఎంత మంది హీరోలు చెప్పినా పల్లెల ఒక్క బల్బు మారకపోవు.


పాలమూరు చలక (జడ్చర్ల) | జూన్ 6, ఉదయం 6:40

ఒక అంకె నేను కూడ పెడ్త, కాని దాన్ని తప్పుగ అర్థం చేసుకోవద్దు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలల నార్లాపూర్ కాడ ఒక్కో మోటరు 145 మెగావాట్లు. అది ఒక్కటి ఒక్క గంట తిరిగితే లక్షా 45 వేల యూనిట్లు. 83 వేల ఇండ్లు ఏడాదంతా చార్జర్లు పీకితే మిగిలేది ఆ ఒక్క గంటకు సమానం. దీని అర్థం ఎత్తిపోతలు వద్దని కాదు. వలసల జిల్లాకు కృష్ణ నీళ్లు కావాలె, దాని మీద ఒక్క మాట పడనియ్యను. నేననేది, అంత కరెంటు పెట్టి ఎక్కించిన నీళ్లు కాలువ చివరల, మడిల, ఎట్ల వాడుతున్నమో ఎవరూ చూపిస్తలేరు. ప్రచారం అక్కడుండాలె.

ఇంకోటి. బోరు మోటరు కాడ కెపాసిటర్ (మోటరు లైను నుంచి గుంజే కరెంటును తగ్గించే డబ్బా) పెట్టమని విద్యుత్తు శాఖ ఎప్పటినుంచో చెప్తది. రైతులు "ఫ్రీ కరెంటుకు కెపాసిటర్ ఎందుకు" అని వదిలేస్తున్నరు. దాని లెక్క ఎవరన్న సాఫుగ రాస్తరా?


కరెంటు లెక్క | జూన్ 6, ఉదయం 8:15

రాస్త. జర పొడుగైతది.

25 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడు కొలత) ట్రాన్స్‌ఫార్మర్ కింద 5 హెచ్‌పీ మోటర్లు ఐదు ఉన్నయనుకుందాం. ఒక్కోటి 4.66 కిలోవాట్లు, ఐదూ కలిపి 23.3. కెపాసిటర్ లేకుంటే పవర్ ఫ్యాక్టర్, అంటే గుంజిన దాంట్ల పనికొచ్చే వంతు, 0.75 దగ్గర ఉంటది. 23.3ను 0.75తోటి భాగిస్తే 31 కేవీఏ. 25ది 31 మోస్తున్నది, అందుకే నూనె కాగి యాసంగిల కాలిపోతది. ఒక్కో మోటరుకు 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ 0.9 దాటుతది, లోడు 25, 26 దగ్గరికి దిగుతది. ఇంకా అంచు మీదనే ఉన్నది, కాని కాలే స్థితి తప్పింది. లైనుల కరెంటు ఒక్కో మోటరుకు ఎనిమిదిన్నర ఆంపియర్ల నుంచి 7కు వస్తది. తీగల నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటది కాబట్టి అది 30 శాతం దాకా తగ్గుతది. రైతుకు బిల్లు లేదు సరే, వోల్టేజీ నిలబడ్తది, వైండింగ్ నిలబడ్తది, ట్రాన్స్‌ఫార్మర్ పోయి వారం రోజులు నారు ఎండే బాధ తప్పుతది.

3 హెచ్‌పీకి 1, 5 హెచ్‌పీకి 2, ఏడున్నరకు 3, 10 హెచ్‌పీకి 4 కేవీఏఆర్. ఎక్కువ పెడితే ఎక్కువ లాభం అనుకోవద్దు. పెద్దది పెడితే మోటరు ఆగేటప్పుడు వోల్టేజీ ఎగిరి ఇన్సులేషన్ దెబ్బతింటది.

మెయిన్ బంద్ చేసి, మూడు వైర్లు స్టార్టర్ నుంచి మోటరుకు పోయే వైపు టెర్మినళ్లకు కలపాలె. లైను వచ్చే వైపు కలిపితే మోటరు ఆగినా కెపాసిటర్ లైను మీదనే ఉంటది. చాలా చోట్ల తప్పు ఇక్కడనే. విప్పేటప్పుడు మెయిన్ తీసినాక ఒక నిమిషం ఆగాలె, లోపల చార్జి ఉంటది, చెయ్యి పెడితే కొడ్తది. పనిచేస్తుందో లేదో క్లాంప్ మీటరు చెప్తది, అది స్టార్టర్‌కు లైను వచ్చే వైపు తీగకు పెట్టాలె. మోటరు కేబులుకు పెట్టి "ఏం మారలే" అంటరు. అక్కడ మారదు. డబ్బా పక్కలు ఉబ్బినా, మైనం కారినా దాని ఆయుష్షు అయిపోయిందన్నట్టే.


పాలమూరు చలక | జూన్ 6, ఉదయం 8:40

మంచిగ చెప్పినవ్ అన్నా. కరెంటు రాంగనే మోటరును దానంతటదే లేపే ఆటో స్టార్టర్ల మాట కూడ కలపాలె. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చింది. తొమ్మిది గంటల సరఫరా ఉన్నప్పుడు రాత్రి లేవలేక పెట్టుకున్న ఆటో స్టార్టర్ ఇప్పుడు పనికిరాదు, నష్టం చేస్తది. కరెంటు పోయి వచ్చినప్పుడల్ల అన్ని మోటర్లు ఒక్కసారే లేస్తయి. లేచేటప్పుడు ఒక్కోటి ఐదారు రెట్లు గుంజుతది. ఫ్యూజు పోకుంటే ట్రాన్స్‌ఫార్మర్ పోతది. దాని బదులు టైమరు, బోరుల నీళ్లు తగ్గితే మోటరును ఆపే డ్రై రన్ రక్షణ పెట్టుకుంటే చాలు.


నీటి పరీక్ష (మునుగోడు) | జూన్ 6, మధ్యాహ్నం 1:10

నల్లా కట్టేయమనే ప్రకటన గురించి. పళ్లు తోముకునేటప్పుడు నల్లా విప్పి ఉంచితే రెండు నిమిషాల్లో పది లీటర్లు పోతాయి, నిజమే. కానీ మన వైపు చాలా ఇళ్లలో బకెట్టూ చెంబూనే. ఆ ప్రకటన మనకు తగిలేది కాదు. తగిలేది ఆర్‌ఓ యంత్రం. ఇంట్లో పెట్టుకునే ఆర్‌ఓ ఒక లీటరు మంచినీళ్లిచ్చి సుమారు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. రోజుకు 20 లీటర్లు పట్టే ఇంట్లో 60 లీటర్లు సన్న పైపు గుండా మోరీలో కలుస్తాయి.

మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి ఊళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఆర్‌ఓ అలవాటైంది, దాన్ని తప్పు పట్టను. ఎముకలు వంగిన మనుషులున్న ఊళ్లు ఇవి. కానీ మిషన్ భగీరథ కింద శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్న ఇంట్లో కూడా ఆర్‌ఓ తిరుగుతోంది. ఉప్పు, ఫ్లోరైడ్ తక్కువున్న నీటిని మళ్లీ వడకట్టి మూడొంతులు పారబోయడం అది. ముందు నీటిని పరీక్ష చేయించాలి. టీడీఎస్ మీటరు మాత్రం ఫ్లోరైడ్‌ను చెప్పదు. చేతిలో ఇమిడే ఆ మీటరు మొత్తం లవణాలనే చూపిస్తుంది. టీడీఎస్ 400 ఉన్న బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములుండొచ్చు, 900 ఉన్నదాంట్లో ఒకటి లోపే ఉండొచ్చు. ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మంచిది, వేరే దారి లేకుంటే 1.5 దాకా. ఫీల్డ్ కిట్‌లో రసాయనం వేసినప్పుడు గులాబీ రంగు పసుపు వైపు తిరిగితే ఫ్లోరైడ్ ఉన్నట్టు. రంగు చార్టును పగటి వెలుగులో పట్టి చూడాలి, ట్యూబ్‌లైటు కింద తప్పు చదువుతాం.

ఆర్‌ఓ వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడి ఉంటుంది. బోరు నీళ్లలో 3 ఉంటే వదిలే నీళ్లలో 4 దాకా వస్తుంది, ఊరి ప్లాంటులో సగం సగం తీసే చోట 6 దగ్గరికి పోతుంది. వాటిని బండలు కడగడానికి, మరుగుదొడ్డికి వాడండి. బర్రెల తొట్టిలో, ఆకుకూర మడిలో పోయకండి. బోరు పక్కనే ఇంకుడు గుంత తవ్వి అందులోకి వదలడం అన్నిటికన్నా తప్పు, అదే ఉప్పు మళ్లీ అదే బోరులోకి దిగుతుంది.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) తయారుచేసిన పద్ధతి అది. మన జిల్లా పేరు మీద ఉన్న ఆ పద్ధతి గురించి ఒక్క ప్రచారమైనా వస్తే చూడాలని ఉంది.


సీతాఫలం తోట (బాలానగర్) | జూన్ 6, సాయంత్రం 5:30

మొక్క నాటి ఫొటో పంపించే ప్రచారం మీద నాలుగు మాటలు. ఫొటోలో ఉండేది మొదటి రోజు. మొక్క బతికేది, చచ్చేది రెండు ఎండాకాలాల్లో. డిసెంబరు నుంచి మే దాకా 26 వారాలు, వారానికి 15 లీటర్లు పోస్తే ఒక మొక్కకు 390 లీటర్లు. వెయ్యి మొక్కలు నాటామని చెప్పేవాళ్లు 3 లక్షల 90 వేల లీటర్లు ఎక్కడినుంచి తెస్తారో, ఏ ట్యాంకరు తెస్తుందో చెప్పాలి. అది చెప్పని కార్యక్రమానికి పిల్లల్ని ఎండలో నిలబెట్టకండి.

ఇంకా ముఖ్యం, జూన్ 5 మన చలక నేలలో నాటే రోజు కాదు. అప్పటికి మృగశిర కార్తె కూడా రాదు. నేల జానెడు లోతు తడిసే వాన పడ్డాక, జూన్ చివరలోనో జులైలోనో నాటాలి. అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గుంత మే నెలలోనే తీసి ఎండనివ్వాలి. పైమట్టిలో ఐదు కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. ప్లాస్టిక్ సంచిని పూర్తిగా చీల్చి తీయాలి. ఫొటో హడావుడిలో సంచితోనే పాతిపెట్టడం చాలా చోట్ల జరుగుతుంది. అడుగున వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే బ్లేడుతో ఆ చుట్టు కోసేయాలి, లేకుంటే మూడో ఏడు గాలికి మొత్తం ఒరుగుతుంది. సంచిలో మట్టి ఎంతవరకు ఉందో కాండం అంతవరకే మునగాలి.

మేకలు తిరిగే ఊళ్లో కానుగ, సీతాఫలం పెట్టండి, వాటి ఆకు మేక అంతగా ముట్టదు. వేప, చింత పెడితే చుట్టూ తుమ్మకంప తప్పనిసరి. తొందరగా పచ్చగా కనబడుతుందని రోడ్డు మధ్యలో కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు నింపడం మన దగ్గరా జరిగింది. దాని పుప్పొడితో ఇబ్బంది అంటారు.

ఉన్న చెట్టును కాపాడటం ఎలాగో చూపించాలంటే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కన్నా మంచి పాఠం లేదు. చెదలు పట్టి కొమ్మ విరిగిపడ్డాక 2017 డిసెంబరులో సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి క్లోర్‌పైరిఫాస్ పలచన చేసి చుక్కలు చుక్కలుగా కాండంలోకి ఎక్కించారు, వాలిన కొమ్మలకు దిమ్మెలు కట్టారు. ఒక్క చెట్టుకు అంత ఓపిక పట్టింది. మొక్కలు నాటే ప్రచారాల్లో కనబడనిది ఆ ఓపికే.


గడియారం సెంటర్ | జూన్ 6, సాయంత్రం 6:05

దానికి తోడు ఫ్లెక్సీ. 10 అడుగులకు 20 అడుగుల ఫ్లెక్సీలో ఐదు కిలోల పైన పీవీసీ ఉంటుంది. చదరపు మీటరుకు 280 గ్రాముల సరుకు, 18.6 చదరపు మీటర్లు, లెక్క వేసుకోండి. కాలిస్తే విషపు పొగ, పాతితే కరగదు. 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు నిషేధం. మందం దానికంటే ఎక్కువని చెప్పి వేస్తున్నారు, చట్టం ఒప్పుకున్నా నేల ఒప్పుకోదు. గుడ్డ బ్యానర్ మీద రాయించే పెయింటర్లు ఇప్పటికీ ఉన్నారు.


దేవరకొండ అక్క | జూన్ 6, రాత్రి 7:45

గంట సేపు లైట్లు ఆర్పే కార్యక్రమం గురించి ఎవరూ రాయలేదు. దానివల్ల గ్రిడ్‌కు ప్రమాదం అనేవాళ్లున్నారు, లాభం అనేవాళ్లున్నారు. ఏది నిజం?


కరెంటు లెక్క | జూన్ 6, రాత్రి 8:30

అక్కా, ఎర్త్ అవర్ 2007 మార్చి 31న సిడ్నీల మొదలైంది. నాలుగు ఎల్‌ఈడీ బల్బులున్న ఇల్లు గంట సేపు ఆర్పితే 0.036 యూనిట్లు మిగులుతయి. చెప్పుకునేంత లాభం లేదు.

గ్రిడ్ సంగతి 2020 ఏప్రిల్ 5న తేలింది. అది పర్యావరణం కోసం కాదు, కొవిడ్ అప్పుడు రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు. దేశమంతట లోడు 31 వేల మెగావాట్లకు పైగ పడిపోయి మళ్ల లేచింది. ముందే జలవిద్యుత్తు పెంచి పెట్టుకొని, లోడు పడే కొద్ది దాన్ని దించిన్రు, లేచే కొద్ది మళ్ల ఎక్కించిన్రు. బొగ్గు యూనిట్ అంత తొందరగ దిగదు, ఎక్కదు. గేటు తిప్పితే నిమిషాలల్ల మారేది నీటి టర్బైన్. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు ఆపొద్దని ముందే చెప్పిన్రు. కాబట్టి ముందు తెలిస్తే ప్రమాదం కాకుండ చూసుకుంటరు.

2007 నవంబరుల అమెరికాల ఎన్‌బీసీ చానెల్ "గ్రీన్ వీక్" పెట్టి, ఆదివారం రాత్రి ఫుట్‌బాల్ కార్యక్రమంల స్టూడియో లైట్లు ఆర్పి కొవ్వొత్తులు పెట్టింది. మైదానం మాత్రం ఫ్లడ్‌లైట్లతోటి వెలుగుతనే ఉన్నది. అప్పటినుంచి ఇప్పటిదాక పద్ధతి మారలేదు. మన దగ్గర కాలేజీ గ్రౌండుల చానెల్ పెట్టే పచ్చదనం సభకు 62.5 కేవీఏ జనరేటర్ నడిస్తే గంటకు పదకొండు లీటర్ల డీజిల్ పోతది. నాలుగు గంటలకు 44 లీటర్లు, గాలిల కలిసేది దాదాపు 118 కిలోల కార్బన్ డయాక్సైడ్. ముందే దరఖాస్తు పెట్టి లైను నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకోవచ్చు కదా.


మూసీ ఆయకట్టు | జూన్ 7, ఉదయం 6:20

ఇగ వరి కాడికి వస్త. ఎకరం మడిల రెండు అంగుళాలు, అంటే 5 సెంటీమీటర్ల నీళ్లు పెట్టాలంటే 2 లక్షల లీటర్లు. సెకనుకు 4 లీటర్లు పోసే బోరుకు 14 గంటలు, 65 యూనిట్లు. 37 ఏండ్ల చార్జర్ లెక్క, ఒక్క తడికి. బొగ్గు కరెంటు అయితే 40 కిలోల పైన బొగ్గు. దామరచర్ల కాడ యాదాద్రి థర్మల్ 4,000 మెగావాట్లకు కట్టింది ఊరికె కాదు.

తడి–పొడి పద్ధతికి కావలసింది ఒక్క పైపు ముక్క. నాలుగంగుళాల పీవీసీ పైపు 30 సెంటీమీటర్లు కోసి, కింది సగానికి 5 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండేసి సెంటీమీటర్ల ఎడంతోటి చుట్టూ పొడవాలె. మడిల చదునుగ ఉన్న చోట, ఒడ్డుకు మీటరు దూరంల, 15 సెంటీమీటర్లు నేలల దిగేటట్టు పాతాలె. లోపలి మట్టి చేత్తో తీసెయ్యాలె. లోపలి నీటి మట్టం, బయటి నీటి మట్టం ఒక్కటిగ ఉండాలె. పూటైనా సమం కాకుంటే రంధ్రాలు బురదతోటి మూసుకున్నయని, పీకి కడిగి మళ్ల పెట్టాలె.

నాటు వేసిన 10, 15 రోజులకు మొదలుపెట్టాలె. పైపుల నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగినంక మళ్ల 5 సెంటీమీటర్లు పెట్టాలె. ఈనిక (కంకి బయటికి వచ్చే దశ) ముందు వారం, తర్వాత వారం మాత్రం నీళ్లు తగ్గనియ్యొద్దు, తాలు పడ్తది. యూరియా ఆరిన నేల మీద చల్లి వెంటనే తడి ఇయ్యాలె. కలుపు ఎక్కువున్న మడిల ఇంకో రెండు వారాలు ఆగి మొదలుపెట్టుడు మంచిది. నీళ్లు 30 శాతం దాకా తగ్గుతయి, మడిల నుంచి వచ్చే మీథేన్ సుమారు సగం తగ్గుతది. వరి దిగుబడి తగ్గదు, ఆ 15 సెంటీమీటర్ల గీత దాటకుంటే.


నీటి పరీక్ష | జూన్ 7, ఉదయం 9:00

ఒక సవరణ. తప్పించిన తడి మొత్తం మిగులు కాదు అన్నా. ఆరిన నేల మళ్లీ తాగుతుంది కాబట్టి తర్వాతి తడికి ఎక్కువ పడుతుంది. పంట మొత్తం మీద చూసి 30 శాతం అనడమే సరి, అది కూడా గరిష్ఠం. ఇంకోటి, బోరు కింద మడిలో ఇంకిన నీళ్లు కొంత మళ్లీ భూగర్భంలోకే పోతాయి. కాబట్టి బోరు రైతుకు నిజంగా మిగిలేది ముందు కరెంటు, మోటరు ఆయుష్షు. నీళ్లు ఆ తర్వాత. సాగర్ ఎడమ కాలువ కింద సంగతి వేరు. అక్కడ నీళ్లు వంతుల మీద వస్తాయి, ఎప్పుడు ఆరబెట్టాలో రైతు చేతిలో ఉండదు. కాలువ కింద ఇది చేయమని టీవీలో చెప్తే రైతు నవ్వుకుంటాడు.


పాలమూరు చలక | జూన్ 7, ఉదయం 9:25

చలకల రెండు మూడు రోజులకే పైపుల గీత వస్తది, రేగడిల వారం పట్టొచ్చు. రేగడి పర్రెలు ఇచ్చేదాక ఎండబెట్టొద్దు. పర్రె పడితే పెట్టిన నీళ్లన్నీ దాంట్లకే పోతయి, మిగిలింది కూడ పోతది.


గడియారం సెంటర్ | జూన్ 7, ఉదయం 11:10

తప్పుడు "పచ్చ" ప్రకటనల మీద ఏం చేయొచ్చని ఒకరు విడిగా అడిగారు. 2024 అక్టోబరు 15న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ప్రకటించింది. "పర్యావరణ హితం", "సహజం", "గ్రీన్" అని రాస్తే ఆ మాట వస్తువు మొత్తానికా, ప్యాకింగుకా, తయారీకా అన్నది చెప్పాలి, ఆధారం చూపాలి. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చానెల్ పేరు, తేదీ, సమయం, ప్రకటనలో అన్న మాట అన్నట్టే రాసి, వీలైతే వీడియో ముక్క పెట్టాలి. మాట సరిగా రాయని ఫిర్యాదు నిలబడదు. తప్పని తేలితే మొదటిసారి పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు.


దేవరకొండ అక్క | జూన్ 7, రాత్రి 8:00

ఇన్ని అంకెలు వచ్చాయి కదా, ముప్ఫై సెకన్ల ప్రకటన మనమే రాసి జిల్లా కేబుల్ చానెల్‌కు ఇద్దాం. వాళ్లకూ నింపడానికి నిమిషాలు కావాలి. నేను రాసింది ఇది, దిద్దండి:

"ఎకరం వరికి ఒక్క తడి, 2 లక్షల లీటర్లు, 14 గంటల మోటరు. నాలుగంగుళాల పైపు అడుగు పొడవు కోసి, కింది సగానికి రంధ్రాలు పొడిచి మడిలో పాతండి. నీళ్లు పైపులో నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగితేనే మోటరు వేయండి. ఆటో స్టార్టర్ తీసేయండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలదు, బోరు వట్టిపోదు."


కరెంటు లెక్క | జూన్ 7, రాత్రి 8:20

"కాలదు" అనొద్దు అక్కా, "కాలుడు తగ్గుతది" అనండి. కెపాసిటర్ లేకుంటే ఆటో స్టార్టర్ తీసినా కాలే ట్రాన్స్‌ఫార్మర్లున్నయి.


మూసీ ఆయకట్టు | జూన్ 7, రాత్రి 8:35

"బోరు వట్టిపోదు" కూడ తీసెయ్యండి, ఆ హామీ మనం ఇయ్యలేం. ఆ జాగల "ఈనిక ముందు వారం, తర్వాత వారం నీళ్లు ఆపొద్దు" అని పెట్టండి. అది లేకుండ ప్రకటన పోతే తాలు పడ్డ రైతు మళ్ల ఏ పైపూ పాతడు. సెంటీమీటర్లు వద్దు, "ఆరంగుళాలు" అనండి. పైపు మీద ఎర్ర పెయింటుతోటి గీత గీసి చూపిస్తే ఇంకా మంచిది. మా వైపు నాట్లు జులై నడుమల పడ్తయి, అప్పటి లోపల పోవాలె.